లంచం ఇచ్చి స్తోత్రం చెప్పొద్దు



ఈ వారం కాస్త కటువుగానే రాస్తున్నాను. చదివాక కోపం వస్తే ఆదివారం నాతో నేరుగా మాట్లాడండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం వద్దు.

మన సంఘాల్లో సాక్ష్యాల సమయం అంటే నాకు చాలా ఇష్టం. జ్వరం తగ్గిన తల్లి, తాగుడు మానిన తండ్రి, పదో తరగతి గట్టెక్కిన పిల్లవాడు లేచి నిలబడి నాలుగు మాటలు చెబితే గంట ప్రసంగం కన్నా అదే మనసుకి తగులుతుంది. అయితే కొంతకాలంగా ఒక రకం సాక్ష్యం ఎక్కువైంది. మా చుట్టుపక్కల సంఘాలన్నిటిలోనూ వింటున్నాను. "మూడేళ్ళుగా తిరుగుతున్నాం అయ్యగారూ, పాసుపుస్తకం రాలేదు. ఉపవాసం ఉండి ప్రార్థించాం. దేవుడు ఆ అధికారి మనసు కదిలించాడు. మొన్న మంగళవారం చేతికొచ్చింది." అందరం స్తోత్రం అంటాం. చప్పట్లు కొడతాం. ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకునే చోట అసలు మాటలు మొదలవుతాయి.

"ఎంతైంది?"

"పన్నెండు. పదిహేను అడిగాడు. మా బావమరిది మాట్లాడి తగ్గించాడు."

"పన్నెండుకే చేశాడా! మాకు పద్దెనిమిది పట్టింది."

ఆ అధికారి మనసు కదిలించింది ఎవరు ప్రియులారా? పన్నెండు వేల రూపాయలు. మరి లోపల మైకు పట్టుకుని దేవుని పేరు ఎందుకు చెప్పాం? దేవుడు చేయని పని దేవుని ఖాతాలో రాయడం, అదీ పరిశుద్ధమైన చోట నిలబడి రాయడం, లంచం కన్నా పెద్ద తప్పని నేను అంటాను. లంచం తీసుకున్నవాడు కనీసం దాన్ని దేవుని మీదికి నెట్టలేదు.

దీనికి మనం పెట్టుకున్న పేర్లు చూడండి. మామూలు. చేయి తడపడం. టీ ఖర్చులు. పై ఖర్చులు. "సంతోషంగా ఏదో ఇచ్చాం." తిట్టాలనుకున్నప్పుడు మాత్రం గడ్డి తింటున్నాడు అంటాం. అవతలివాడు తీసుకుంటే గడ్డి, మనం ఇస్తే టీ! మన పెద్దలు జీతం, గీతం అని జంటగా పలికేవారు. జీతం ఎంత అని అడిగాక గీతం ఎంత అని అడగడం పెళ్ళి చూపుల్లో మర్యాదే. అబ్బాయి ఫలానా శాఖలో ఉన్నాడు, జీతం మామూలే గానీ పై రాబడి బాగుంటుందట అని వధువు తరఫువాళ్ళే మురిసిపోతారు. విశ్వాసుల ఇళ్ళలోనే ఈ మాట విన్నాను. ఆ "పై రాబడి" ఎవరి జేబులోంచి వస్తుంది? మన ఊళ్ళాంటి ఇంకో ఊళ్ళో, మన అమ్మమ్మలాంటి ఇంకో ముసలమ్మ కొంగు ముడిలోంచి.

ఏసీబీ వాళ్ళు ఎవరినైనా పట్టుకున్నారని పేపర్లో పడితే ఆ రోజు టీ కొట్టు దగ్గర పండగ. "ఎన్ని కోట్లు దొరికాయట?" అని అడగడంలో అసహ్యం కన్నా ఆశ్చర్యం ఎక్కువ, ఆశ్చర్యం వెనకాల కొంచెం అసూయ కూడా ఉంటుంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత ఊరికే పుట్టలేదు. దొరకని దొర మన మందిరానికి వస్తే ఎక్కడ కూర్చోబెడతాం? ముందు వరసలో, చేతుల కుర్చీ వేసి. నాలుగు ఫ్యాన్లు ఇచ్చాడని గోడ మీద పేరు రాయిస్తాం. చిరిగిన చీరతో వచ్చిన ఆమెకి చాప చివర చోటు. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో సరిగ్గా ఈ కుర్చీల గురించే రాశాడు, తీసి చదువుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం మనం తరచుగా ప్రసంగించం. పౌలు కైసరయలో ఖైదీగా ఉన్నాడు. గవర్నరు ఫేలిక్సు. విచారణ జరిగింది, నేరం రుజువు కాలేదు, విడిచిపెట్టాల్సిందే. విడిచిపెట్టలేదు. ఎందుకు? 26వ వచనంలో లూకా దాచకుండా రాశాడు. పౌలు తనకు డబ్బు ఇస్తాడని ఫేలిక్సు ఎదురు చూశాడు. అందుకే మాటిమాటికీ పిలిపించి మాట్లాడేవాడు. మన ఆఫీసుల్లో "రేపు రండి, ఎల్లుండి రండి" అనేది ఇదే. ఫైలు పారేయరు, పని చేయరు. మనకి అర్థమయ్యేదాకా పిలుస్తూనే ఉంటారు.

ఫేలిక్సుకి ఆ ఆశ ఎలా కలిగిందో కూడా అదే అధ్యాయంలో ఉందని నాకనిపిస్తుంది. పౌలు తన వాదనలో, నా జనుల కోసం దానధర్మాల సొమ్ము తెచ్చాను అని చెప్పాడు. గవర్నరు చెవి అక్కడే నిక్కపొడుచుకుని ఉంటుంది. వీడి వెనక డబ్బులు పోగుచేసే మనుషులున్నారు! నిజంగానే ఉన్నారు. మాసిదోనియ సంఘాలు పేదరికంలోనే కానుకలు కూడగట్టాయి. ఫిలిప్పీ వాళ్ళు పౌలు కోసం ఎన్నోసార్లు పంపారు. ఒక్క ఉత్తరం రాస్తే చాలు, నెల తిరక్కుండా బయటికి వచ్చేవాడు. ఎన్ని ఊళ్ళలో సువార్త చెప్పేవాడు! "పరిచర్య కోసమే కదా, కొంచెం ఇచ్చి బయటపడితే దేవుని పని సాగుతుంది" అని ఈ రోజు మనలో ఎవరైనా వాదిస్తాం. కమిటీ వేసి తీర్మానం కూడా రాస్తాం.

పౌలు ఆ ఉత్తరం రాయలేదు. రెండేళ్ళు గడిచాయి. ఫేలిక్సు బదిలీ అయ్యాడు, పొర్కియు ఫేస్తు వచ్చాడు, పౌలు ఇంకా సంకెళ్ళలోనే ఉన్నాడు.

ఇంకో మాట కూడా గమనించండి. పౌలు డబ్బు ఇవ్వలేదంటే నోరు మూసుకుని కూర్చున్నాడని అర్థం కాదు. తనకు న్యాయం దొరకదని తెలిశాక 25వ అధ్యాయంలో కైసరు ఎదుటికే వెళ్తానని అప్పీలు చేసుకున్నాడు. రోమా పౌరుడిగా తనకున్న హక్కు అది. వాడుకున్నాడు. ప్రార్థన చేసే మనిషి అర్జీ పెట్టకూడదని, ఫిర్యాదు చేస్తే విశ్వాసం తక్కువని మనకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. పౌలు మాత్రం నేర్పలేదు.

ఇక్కడ కొందరు తల్లులు "అయ్యగారూ, మీకు చెప్పడం తేలికే" అనుకుంటూ ఉంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. భర్త చనిపోయి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తిరిగే మనిషి, ఆరుసార్లు కూలి పోగొట్టుకుని ఏడోసారి రెండు వేలు చేతిలో పెడితే ఆమెను నేను పాపి అనను. ఆమె దోపిడీకి గురైంది, అంతే. దారిలో దొంగలు కొట్టి వదిలేసిన మనిషి లాంటిది ఆమె. ఆ మనిషిని చూసి పక్కకు తప్పుకుని పోయిన యాజకుడిలా నేను ఉండలేను.

కానీ ఇంకో రకం ఇవ్వడం ఉంది. మనకు రావాల్సింది రావడానికి ఇచ్చేది ఒకటి, ఎదుటివాడికి రావాల్సింది మనకు రావడానికి ఇచ్చేది ఇంకొకటి. ఇళ్ళ స్థలాల జాబితాలో నలభై పేర్లకే చోటుంటే, సొంత ఇల్లున్నవాడు డబ్బిచ్చి నలభయ్యో పేరు తనది రాయించుకుంటాడు. పూరి గుడిసెలో ఉన్న వితంతువు పేరు నలభై ఒకటో పేరవుతుంది. ఇద్దరూ ఒకే మందిరంలో, ఒకే ఆదివారం, ఒకే రొట్టె విరిచి తింటారు. అతను లేచి సాక్ష్యం చెబుతాడు. ఆమె కూడా స్తోత్రం అంటుంది, తెలియక. ఇలాంటిది జరిగిన చోట ఆ బల్ల దగ్గర నిలబడి ప్రార్థించడానికి నాకు నోరు పెగలదు.

ఈ రెంటికీ తేడా చట్టానికి కూడా తెలుసు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించినప్పుడు లంచం ఇవ్వడాన్ని కూడా నేరం చేశారు. ఏడేళ్ళ దాకా జైలు ఉండొచ్చు. అయితే బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే అతనికి ఆ నేరం అంటదు. ఇవ్వకముందే చెప్పి, పట్టివ్వడానికి ఇచ్చినా అంటదు. అంటే, ఇచ్చి ఊరుకోవద్దు, వచ్చి చెప్పు అంటోంది చట్టం. మనం మందిరంలో చెబుతున్నాం, చెప్పుల దగ్గర చెబుతున్నాం. చెప్పాల్సిన చోట తప్ప అన్ని చోట్లా చెబుతున్నాం.

"కొంచెం ఇస్తే పని త్వరగా అవుతుంది" అనే వాదనకూ ఒక జవాబుంది. 1964లోనే సంతానం కమిటీ ఈ సంగతి పరిశీలించింది. ఫైలు వేగంగా కదలాలని ఇచ్చే డబ్బే ఫైళ్ళు ఆలస్యం కావడానికి పెద్ద కారణమైందని తేల్చింది. ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. కదిలిస్తే డబ్బులొస్తాయని ఒకసారి రుచి మరిగినవాడు ముందు ఆపుతాడు, తర్వాత కదిలిస్తాడు. నిన్న మీరు ఇచ్చిన పన్నెండు వేలు రేపు మీ పక్కింటివాడి ఫైలుకి అడ్డంగా పెట్టిన రాయి.

ఓటు సంగతి ఎత్తితే "పాస్టరుగారికి రాజకీయాలెందుకు" అంటారు. ఎత్తుతాను. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు కొన్ని ఊళ్ళలో జనం రోడ్డెక్కారు. ఎందుకు? ఓట్లకు డబ్బులు పంచుతున్నారని కాదు. పక్కవాళ్ళకు కవరు అందింది, మాకు అందలేదని! ఆరు వేల కవర్లని వార్తల్లో వచ్చింది. మరుసటి ఏడాది మునుగోడులోనూ ఇదే వరస. ఆంధ్రలో మనం ఏమీ తక్కువ తినలేదు, నవ్వుకోనక్కర్లేదు. ఆరు వేలను ఐదేళ్ళకు పంచి చూడండి, రోజుకి మూడు రూపాయల ముప్పై పైసలు కూడా పడదు. టీ నీళ్ళు కూడా రావు. ఆ కవరు ఇచ్చినవాడు పెట్టిన పెట్టుబడి రాబట్టుకోడా? బదిలీలు అమ్ముతాడు, కాంట్రాక్టులు అమ్ముతాడు. డబ్బిచ్చి ఆ కుర్చీకి వచ్చిన ఉద్యోగి మన దగ్గర వసూలు చేస్తాడు. కవరు తీసుకున్న రోజే మన పాసుపుస్తకం ధర మనమే ఒప్పుకున్నాం. తర్వాత వాడు అడిగితే అన్యాయం అంటాం.

"మాకు ఇంకా రాలేదు" అని ధర్నా చేసే జనం "ఎందుకిస్తున్నారు" అని ధర్నా చేసిన రోజు ఏ ఏసీబీ అవసరం లేదు.

ఇక ఆవేశం గురించి. మనకి అవినీతి మీద కోపం లేదని కాదు. బోలెడుంది. 1996లో "భారతీయుడు", 2003లో "ఠాగూర్" వచ్చినప్పుడు హాళ్ళు దద్దరిల్లాయి. (సినిమాలు తగ్గించండని చెప్పే పాస్టరుకి ఈ పేర్లెలా తెలుసని అడక్కండి. మైకు సెట్లు ఊరంతా వినిపించేవి.) లంచగొండిని చంపేస్తే ఈల వేశాం. తెర మీద ఒకడు వచ్చి చంపేస్తే మన పని అయిపోయినట్టే. ఆ ఈల ఎక్కడిదాకా పోతుందో 2019 నవంబరు 4న చూశాం. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారును ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవరూ చనిపోయాడు. ఆమె లంచం అడిగిందని ఏ కోర్టూ తేల్చలేదు. అయినా ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన మాటలు గుర్తు చేసుకోండి. "ఇలాగైతేనే బుద్ధొస్తుంది" అని పంపినవాళ్ళలో పేరు చివర విశ్వాసి అని పెట్టుకున్నవాళ్ళు లేరా? అధికారిని చూస్తే పళ్ళు నూరడం నీతి కాదు. పళ్ళు నూరేవాడే మర్నాడు కవరు పట్టుకుని అదే ఆఫీసు వెనక గుమ్మం దగ్గర నిలబడతాడు.

ఇంకో రకం ఆవేశం కొవ్వొత్తులది. 2011 ఏప్రిల్‌లో అన్నా హజారే ఢిల్లీలో నిరాహార దీక్షకు కూర్చుంటే మన పట్టణాల్లో కూడా ర్యాలీలు తీశాం. లోక్‌పాల్ చట్టం 2013 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందింది. మొదటి లోక్‌పాల్ నియామకం ఎప్పుడు జరిగిందో తెలుసా? 2019 మార్చిలో. ఐదేళ్ళ పైన ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ఐదేళ్ళలో ఒక్క కొవ్వొత్తి వెలిగించిన గుర్తు నాకు లేదు.

సమూయేలు మొదటి గ్రంథం 8వ అధ్యాయంలో ఇదే జబ్బు కనిపిస్తుంది. సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉండి లంచాలు తిన్నారు. భక్తుడి కొడుకులే, గమనించండి. పెద్దలందరూ కూడి వచ్చారు. వచ్చి ఏమడగాలి? మీ కొడుకుల్ని దించండి, తిన్నది కక్కించండి, మా లెక్క తేల్చండి అనాలి. వాళ్ళు అడిగింది అది కాదు. మాకొక రాజు కావాలి అన్నారు. గట్టివాడొకడు వస్తే అన్నీ చక్కబడతాయని ఆశ. ఆ రాజు మీ కొడుకుల్ని, మీ పొలాల్ని, మీ పంటలో పదోవంతు తీసుకుంటాడని సమూయేలు చెప్పినా వినలేదు. "ఒక్క మొనగాడు రావాలండీ" అని మనం టీ కొట్టు దగ్గర అంటున్నది ఆ పెద్దలు అన్న మాటే. మొనగాడు వచ్చేదాకా మనం ఏమీ చేయనక్కర్లేదు కదా, అందుకే ఆ మాట అంత హాయిగా ఉంటుంది.

నాలుగు అధ్యాయాలు దాటాక అదే సమూయేలు ముసలితనంలో చేసిన పని చూడండి. జనం మధ్యలో నిలబడ్డాడు. నేను ఎవరి ఎద్దు పట్టుకున్నాను, ఎవరి గాడిద పట్టుకున్నాను, ఎవరిని బాధపెట్టాను, ఎవరి దగ్గర లంచం తీసుకుని కళ్ళు మూసుకున్నాను, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. దేవుడికి తెలుసులే అని తప్పించుకోలేదు. దేవుణ్ణి సాక్షిగా పెట్టి, లెక్క మాత్రం జనానికి చెప్పాడు. ఊరి మధ్య బహిరంగంగా లెక్క చెప్పడం అంటే ఇదే.

ఆ పని మన దేశంలో ఎవరు చేశారో చెప్తాను. రాజస్థాన్‌లో కూలీలు, సన్నకారు రైతులు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వాళ్ళతో కలిసి పల్లెలోనే కాపురం ఉన్నారు. కరువు పనులకు వెళ్తే పూర్తి కూలి ఇవ్వరు. అడిగితే మస్టరు రోల్లో అంతే పని ఉందంటారు. మస్టరు చూపించమంటే అది రహస్యం అంటారు. 1994 డిసెంబరులో కోట్‌కిరానా అనే ఊళ్ళో జనసభ పెట్టి, సంపాదించిన కాగితాలు పైకి చదివారు. పేరు చదవగానే ఒకరు లేచి, ఆ పనికి నేను పోలేదే అంటారు. ఇంకో పేరు చదివితే, ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది అంటారు. రహస్యం ఎందుకన్నారో అందరికీ తెలిసిపోయింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. పల్లెల వాళ్ళు ధాన్యం తెచ్చి ఇచ్చారు, బజారువాళ్ళు కూరగాయలు ఇచ్చారు. చదువు రాని ఆడవాళ్ళు, మా డబ్బుకి మాకు లెక్క చెప్పండి అని ఎండలో కూర్చున్నారు. అక్కడ మొదలైంది 2005 నాటికి దేశమంతటికీ సమాచార హక్కు చట్టమైంది. ఏ మొనగాడూ రాలేదు, ఎవరినీ తగలబెట్టలేదు.

మన దగ్గరా ఆ అవకాశం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైందే మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ చట్టం 17వ సెక్షన్ లెక్కలు తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. సామాజిక తనిఖీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపించింది. కూలీల ఇళ్ళలోంచే వచ్చిన కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి మస్టర్లు సరిచూసి, మండలంలో ప్రజావేదిక పెట్టి చదివేవారు. ఎన్నో తప్పుడు లెక్కలు బయటపడ్డాయి. తిరిగి వసూలైంది మాత్రం అందులో కొద్దే. ప్రభుత్వానిది తప్పే, ఒప్పుకుంటాను. మరి మన సంగతి? పేరు చదివినప్పుడు లేచి నిలబడాల్సిన చోట, "ఫీల్డ్ అసిస్టెంటు మనవాడేగా, పోనీలే" అని తల దించుకున్నవాళ్ళు ఎందరు? పనికి పోకుండానే ఖాతాలో పడిన కూలిలో సగం వాడికిచ్చి సగం ఉంచుకున్నవాళ్ళు ఎందరు? మనవాడు తింటే మేత, అవతలి కులంవాడు తింటే అవినీతి. కంచే చేను మేస్తోందని ఏడుస్తాం. ఆ కంచె మన ముళ్ళతో వేసిందే.

ఇక నిజంగా పోరాడినవాళ్ళని ఎలా చూస్తాం? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వుతాం. సత్యేంద్ర దూబే అని ఒక ఇంజినీరు ఉండేవాడు. జాతీయ రహదారి పనుల్లో జరుగుతున్న దోపిడీ గురించి ప్రధానమంత్రికి ఉత్తరం రాసి, నా పేరు బయటపెట్టవద్దు అని కోరాడు. ఆ పేరుతోనే ఉత్తరం ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. ముప్పై ఏళ్ళవాడు. అలాంటివాళ్ళను కాపాడడానికి 2014లో ఒక చట్టం చేశారు, ఇంతవరకూ అమల్లో పెట్టలేదు. దాని గురించి అడిగిన ఎమ్మెల్యే అభ్యర్థి ఉన్నాడా? అడగమని చెప్పిన ఓటరు ఉన్నాడా?

అంత దూరం ఎందుకు. మన పక్క ఊళ్ళోనే ఎవరైనా ఏసీబీకి ఫిర్యాదు చేశారనుకోండి. నోట్ల నంబర్లు రాసుకుంటారు, పొడి రాస్తారు, తీసుకున్నవాడి చేతులు ద్రావణంలో ముంచితే గులాబీ రంగు తేలుతుంది. ఆ రోజు ఫోటో పేపర్లో పడుతుంది. కేసు కోర్టుకి వచ్చేసరికి ఏళ్ళు గడుస్తాయి. ఈలోగా ఫిర్యాదు చేసినవాడి ఇంటికి ఎంతమంది వెళ్తారో తెలుసా? కులపెద్దలు, బంధువులు, "పోనీ పాపం, పిల్లలున్నవాడు, ఉద్యోగం పోతుంది" అని జాలి కురిపించేవాళ్ళు. క్షమించాలి కదా బ్రదర్ అని వాక్యం చూపించే మనలాంటివాళ్ళు కూడా! చివరికి బోనెక్కి, నేనేమీ చెప్పలేదండీ అంటాడు. ఇలా ఫిర్యాదీ మాట మార్చినా, చనిపోయినా మిగతా సాక్ష్యాలు సరిపోతే శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరు 15న చెప్పాల్సి వచ్చింది. మనం మాట మార్పిస్తామని కోర్టుకే తెలిసిపోయిందన్నమాట.

క్షమాపణ గురించి అంటారా, జక్కయ్య కథ తీయండి. పిల్లలకి చెట్టెక్కించే కథగా చెప్పి వదిలేస్తున్నాం. చెట్టు దిగాక ఆయన చేసింది లెక్క. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు అన్నది ఆ లెక్క విన్న తర్వాతే. మన సంఘాల్లో ప్రభుత్వ ఉద్యోగులున్నారు. నిజాయితీగా, అప్పులు చేసుకుంటూ బతుకుతున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఈ వ్యాసం చేతులెత్తి నమస్కరిస్తోంది. అలా కానివాళ్ళు దశమభాగం తెచ్చే ముందు ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళ ఇంటికి వెళ్ళండి. కానుక పెట్టెలో అది వేయకండి.

ఇకనుంచి మా మందిరంలో సాక్ష్యం చెప్పేవాళ్ళకు ఒక చిన్న నియమం పెడుతున్నాను. ఆఫీసు పని అయిందని చెబితే, ఎలా అయిందో కూడా చెప్పాలి. డబ్బు ఇవ్వాల్సి వచ్చిందా, అదీ చెప్పండి. ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు, నేను చూడనివ్వను. అది సాక్ష్యం అవ్వదు, ప్రార్థన విన్నపం అవుతుంది. అందరం కలిసి మోద్దాం. డబ్బు ఇవ్వనందుకు పని ఆగిపోయిందా, అప్పుడు మైకు దగ్గరికి తప్పకుండా రండి. పౌలుకి రెండేళ్ళు ఆగిపోయింది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు మందిరంలోనే. భోజనం తర్వాత మన యవ్వనస్థులు నలుగురు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పాసుపుస్తకం, పింఛను, ఇంటి స్థలం, సర్టిఫికెట్, ఏ పని ఆగినా కాగితాలు తెచ్చుకోండి. అర్జీ పెట్టిన తేదీ, రసీదు నంబరు ముఖ్యం. మీ ఫైలు ఎవరి దగ్గర, ఎన్ని రోజుల నుంచి, ఎందుకు ఆగిందో సమాచార హక్కు కింద అడుగుదాం. పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు కూడా ఆ బల్ల దగ్గరే రాద్దాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళు దాని జిరాక్సు జతచేస్తే అదీ అక్కర్లేదు. ఎవరైనా డబ్బు అడిగి ఉంటే ఏసీబీ నంబరు 1064. ఒంటరిగా ఫోన్ చేయడానికి భయమైతే నా గదిలోంచి చేయండి, నేను పక్కనే కూర్చుంటాను. తెల్ల కాగితాలు, పెన్నులు, కార్బన్ పేపర్లు తెప్పించి పెట్టాను. కళ్ళజోడు ఉన్నవాళ్ళు మర్చిపోకుండా తెచ్చుకోండి.